రాకాసి గూటిలో మా చుట్టం

చిట్టా 1

ఎండ: ఉంది. నీళ్ల సీసా: ఉంది. పశ్చాత్తాపం: ఉంది. ఈ చివరిది పట్వారీ రాసుకున్నది, నన్నడగలేదు.

నా పేరు గొట్టె రియాంశ్. నేను పుట్టిన రోజుల్లో మగపిల్లలందరికీ ఇలాంటి పేర్లే పెట్టారు. బజారులో ఒక్క కేక వేస్తే సగం మంది వెనక్కి తిరిగేవాళ్లు. ఇప్పుడు మళ్లీ పాత పేర్లు ఫ్యాషన్. నా బిడ్డ పేరు ఎల్లవ్వ, దాన్ని చేసుకోబోయే కుర్రాడు కొమురయ్య. రియాంశ్ అనే పేరు వినగానే పిల్లలు లేచి ముసలాయనకు చోటిస్తున్నారు. నాకింకా యాభై రెండే.

ఇక్కడికి ఎందుకొచ్చానో చెప్పాలట. మా ఊరి బస్సుకు డ్రైవరు లేడు గానీ నోరుంది. ఆ నోటికి నేను మండలాధ్యక్షుడి గొంతు నేర్పాను. మరునాడు బస్సు, "దిగుండ్రి, ఎక్కినకాంచి చూస్తున్న, ఒక్కరు గూడ నాకు ఓటేసిన మొహాలు గావు" అంటూ అందర్నీ చెరువుగట్టు మీద దింపేసింది. జనం దిగారు కూడా. నిజంగా అధ్యక్షుడే అన్నాడనుకున్నారు. ఆయన గొంతును నేను అనుకరించినందుకు కాదు, ఎవరికీ అనుమానం రానందుకే ఆయనకు ఎక్కువ కోపం వచ్చిందని నా అభిప్రాయం.

శిక్ష వేసింది పట్వారీ. భూమి, పుట్టుక, చావు, పెళ్లి, బస్సు, కరెంటు, జిల్లాలో అన్నీ చూసుకునే యంత్రం అది. సర్కారు పెట్టిన పేరు పలకాలంటే మధ్యలో మంచినీళ్లు తాగాలి, కాబట్టి జనం పట్వారీ అంటారు. అందులో ఒక ముక్క ఇప్పుడు నా ముంజేతి పట్టీలో కూర్చుంది. వారానికోసారి నేను కాళ్లతో నడిచి గూళ్లగట్టు ఎక్కాలి, అక్కడి రాకాసి గూళ్లను చూడాలి, చూసింది పట్టీకి చెప్పాలి. జనం కళ్లకు జోడు తగిలించుకుని మంచం మీది నుంచే కాశీ, కొలంబో చూసొస్తున్న కాలంలో, నడిచి వెళ్లి ఒక చోటును చూడడం దొంగలకూ నాలాంటివాళ్లకూ వేసే శిక్ష అయింది.

చూశాను. నాలుగు పెద్ద బండలు నిలబెట్టి, నెత్తిన ఇంకో బండ పరిచారు. లోపల రాతి తొట్టి. చచ్చిపోయినవాళ్లను అందులో పడుకోబెట్టేవాళ్లట, మనిషి ఇనుము కరిగించడం కొత్తగా నేర్చుకున్న రోజుల్లో. గట్టు నిండా ఇలాంటివే. ఒకదాని పైబండ ఎవరి పెరట్లోనో బట్టలుతికే బండ అయింది. ఒకదాని మీద సున్నంతో గుండె బొమ్మ గీసి, అందులో ఇద్దరి పేర్లు రాశారు, తర్వాత ఎవరో ఒక పేరు గీకేశారు. ఇది రక్షిత స్థలం అని సర్కారు పెట్టిన బోర్డును దొంగలెత్తుకెళ్లారు. మేకలు మాత్రం రోజూ వస్తాయి, సాక్ష్యం వదిలి వెళ్తాయి.

గట్టు మీద ఒకే ఒక ఇప్పచెట్టు, దాని మీద కాకులు. నిజం కాకులు. కింద ఊళ్లో వేడికి అవి ఎప్పుడో పోయాయి, పంచాయతీవాళ్ల ఇనుప కాకులే చెత్త ఏరుతుంటాయి. ఇక్కడ చెత్త ఏరే దిక్కు లేదు కాబట్టి నిజం కాకులకు బతుకుంది.

గూటి లోపల చల్లగా ఉంది. మా ఇంట్లో చల్లగాలికి రేషను. ఇక్కడ అడిగేవాడు లేడు. గంటసేపు చాలా శ్రద్ధగా పరిశీలించాను, కళ్లు మూసుకుని.

చిట్టా 3

పశ్చాత్తాపం: పెరుగుతోంది. (పెరిగింది గురక అని చెప్పాను. రాసుకోలేదు.)

గట్టు కింద రాతికోత యంత్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఏమిటని పట్టీని అడిగాను.

ఏడాదిపాటు మనిషి కాలు పడని చోటును, చుట్టరికం చెప్పుకునేవాళ్లు లేని శ్మశానాన్ని దిక్కులేని జాగ అంటారట. దిక్కులేని జాగ చల్లకొట్టాలకు పోతుంది. చల్లకొట్టాలంటే పట్వారీలాంటి యంత్రాల బుర్రలు వేడెక్కకుండా దాచే కొట్టాలు. అంటే పట్వారీ తన తల చల్లబెట్టుకోవడానికి నా చల్లటి గూడు లాక్కుంటున్నాడు. మరి నేను వస్తున్నాను కదా, నావి కాళ్లు కావా అన్నాను. శిక్ష మీద వచ్చేవారి రాకను సందర్శనగా లెక్కించరాదట.

నిజం చెప్పాలంటే నాకు ఆ రాళ్ల మీద ప్రేమేమీ లేదు. నిద్ర మీద ఉంది. దానికి తోడు ఆ గొంతు. దిక్కులేని జాగ అన్న మాటను వాడు, తెల్లారింది, వానొచ్చింది అన్నంత తేలిగ్గా అన్నాడు. నా నోరు ఊరుకోలేదు.

"దిక్కులేదని ఎవలన్నరు? ఈ గూట్ల పన్నది మా తాత," అన్నాను.

"మీకు ఎన్నో తరం?" అన్నాడు పట్వారీ.

"లెక్కపెట్టే తీరిక మా ఇంట్ల ఎవలకున్నది."

ఇంకెవరైనా నవ్వేవాళ్లు. పట్వారీకి నవ్వడం నేర్పలేదు. చట్టం ప్రకారం చుట్టరికం కాదని నిరూపించే బాధ్యత సర్కారుదట. మూడు వేల ఏళ్ల కిందటి మనిషి నాకు తాత కాడని నిరూపించడం ఎవరి తరం? యంత్రాలు అక్కడికక్కడే ఆగిపోయాయి. మండలాధ్యక్షుణ్ణి ఆడించిన దానికంటే తేలిగ్గా అయిపోయింది, కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

చిట్టా 4

చుట్టరికం కట్టినవారు తమ ఇంటి చావు పద్ధతులు చెప్పాలట. మూడు వేల ఏళ్ల తాతకు రేపేదైనా జరిగితే ఎలా నడుచుకోవాలో పట్వారీ తెలుసుకోవాలి కదా. ఇంకా ఏం జరుగుతుంది ఆ తాతకు?

అడిగేవాడుంటే నేను ఆగను. మా నాయనమ్మ దగ్గర విన్నదీ, సొంతంగా ఊహించినదీ కలిపి గంటసేపు చెప్పాను. చావు కబురు ఆలస్యంగా తెలిస్తే, చెవిన పడిన రోజు నుంచే మైల మొదలవుతుందన్నాను. ఏడాది దాకా ఇంట్లో శుభకార్యం చెయ్యం అన్నాను. మూడో రోజు పిట్టకు పెడతామన్నాను, అంటే వండిన కూడు విస్తరిలో పెట్టి కాకి కోసం కూర్చుంటాం. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ముడితే వాళ్లు తృప్తిగా వెళ్లినట్టు, ఆ రోజుతో మైల తీరినట్టు, పెళ్లయినా పేరంటమైనా చేసుకోవచ్చు.

"ఇవన్నీ మీ ఇంట్లో తప్పక పాటిస్తారా?" అన్నాడు.

"ప్రాణం పోయినా తప్పం," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ చాలా బాగా వచ్చింది, గొంతు కూడా వణికించాను.

చిట్టా 6

పశ్చాత్తాపం గడిలో పట్వారీ ఏం రాసుకున్నాడో చూడలేదు. ఏం రాసినా ఈసారి ఒప్పుకుంటాను.

చుట్టరికం ఉన్న సమాధికి కొలతలు తియ్యాలని సర్కారు వాళ్ల చిన్న యంత్రం ఒకటి నా గూట్లోకి వెళ్లింది. తొట్టిలో అడుగున మట్టి తవ్వితే ఎముకలు తగిలాయి. కొత్తగా మనిషి ఎముకలు దొరికితే చావు నమోదు చెయ్యాలి, బంధువులకు కబురు చెప్పాలి. బంధువును నేను. కబురు నా చెవిన పడింది. చెవిన పడిన రోజు నుంచి మైల.

మా ఇంట్లో చావు జరిగింది.

అప్పటికి నేనింకా నవ్వుతూనే ఉన్నాను. ఇంటికి పోయేసరికి గుమ్మంలో నా భార్య శాన్విక నిలబడి ఉంది. పెళ్లిమండపం రద్దయింది. వంటవాళ్లు రద్దయ్యారు. పంతులు, బ్యాండు, పందిరి అన్నిటికీ పట్వారీ ఒకే కబురు పంపాడు: గొట్టె వారింట మైల, సానుభూతి తెలుపగలరు. వంటాయన పాపం నిజంగానే సానుభూతి తెలిపాడు.

ఎల్లవ్వ పెళ్లి వచ్చే వారం. ఆలస్యం చెయ్యడానికి వీల్లేదు. కొమురయ్యకు సముద్రం మీద గాలిమరల కొలువు, ఆ వారంలోనే ఓడ ఉంది. పెళ్లయితే ఇద్దరినీ ఎక్కిస్తారు, కాకపోతే వాడొక్కడే పోతాడు, రెండేళ్లకు గానీ తిరిగి రాడు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఒక పూట ఉండలేరు. నేను చూశాను, చాలా చిరాకుగా ఉంటుంది.

శాన్విక బందరు మనిషి. పెళ్లయి ఇన్నేళ్లయినా మాట మారలేదు. ఎంత కోపం వస్తే అంత మర్యాద పెరుగుతుంది ఆవిడకు.

"ఏవండీ, తమరి తాతగారు పోయారటగా. ఏం జబ్బు చేసిందండీ పాపం?" అంది.

అలాంటి సమయంలో మాట్లాడే రకాన్నే, కానీ ఆవిడ చేతిలో రోకలి ఉంది.

పట్టీని అడిగితే పరిష్కారం చాలా తేలికట. నేను పట్టీకేసి చూసి, ఆ సమాధి మాకేం కాదు అంటే సరి. ఒక్క మాట. మైల ఉండదు, మండపం తిరిగి వస్తుంది. చుట్టరికం పోతుంది కాబట్టి రాతికోత యంత్రాలు మరునాడే గట్టెక్కుతాయి. మిగతా గూళ్లు నిలిచిందీ ఆ ఒక్క చుట్టరికం మీదే కాబట్టి అవీ పోతాయి.

"అనండి మరి, ఆలస్యమెందుకు. రాళ్లేగా," అంది శాన్విక.

నిజమే, రాళ్లే. నోరు తెరిచాను కూడా. ఎల్లవ్వ వచ్చి పట్టీ మీద చెయ్యి పెట్టింది.

"ఆగు బాపూ. ఒక్కసారి చూసొద్దాం పా," అంది.

చిట్టా 7

నిన్ననే వచ్చినా ఇవాళ మళ్లీ గట్టుకు వచ్చాం, ఈసారి ముగ్గురం. నేను తప్ప ఇద్దరూ శిక్ష లేకుండా వచ్చినవాళ్లే. పట్వారీ వాళ్లను మొదటి సందర్శకులుగా నమోదు చేసి, స్వాగతం చెప్పి, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పబోయాడు. ఎక్కడా దొరకవు కాబట్టి మధ్యలో ఆగిపోయాడు. సందర్శకులు వచ్చినంత మాత్రాన శ్మశానానికి దిక్కు ఏర్పడదట, చుట్టరికమే కావాలట.

శాన్విక పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మేకల సాక్ష్యం దాటుకుంటూ నడిచింది. ఎల్లవ్వ తిన్నగా గూట్లోకి దూరి తొట్టి పక్కన గొంతుకూర్చుంది. ఎముకలు నేననుకున్నంత భయంగా లేవు. చిన్నగా, మట్టిరంగులో, చెరుకుపిప్పిలా ఉన్నాయి. చేతి ఎముక పక్కన తెల్లటి ముక్క ఒకటి, వంపు తిరిగి ఉంది.

"మా తాత పొట్టోడే ఉన్నట్టుండు," అన్నాను, ఎవరూ ఏమీ అనకపోతే బాగోదని.

"తాత కాదు," అన్నాడు పట్వారీ. "స్త్రీ. వయసు ఇరవై దాటి ఉండవచ్చు. ఆ తెల్లటిది శంఖంతో చేసిన గాజు. పళ్లను పరీక్షించాం. ఈమె బాల్యం ఇక్కడ గడవలేదు. సముద్రం ఒడ్డున పెరిగింది."

నేను చుట్టూ చూశాను. ఇక్కడి నుంచి సముద్రం ఎటువైపో కూడా నాకు సరిగ్గా తెలియదు.

"అయితే కోడలు," అంది శాన్విక.

చెంగు ముక్కు మీది నుంచి తీసేసింది. వంగి లోపలికి వచ్చి ఎల్లవ్వ పక్కన కూర్చుంది. సగం బందరు సముద్రంలో కలిసిన ఏడాది వాళ్లవాళ్లు తలో దిక్కూ పోయారు. పుట్టిల్లు అని ఆవిడ ఎవరింటికీ వెళ్లగా నేను చూడలేదు. దాన్ని గురించి నేను చాలా జోకులు వేశాను, అత్తగారి పోరు లేదని, సారె బరువు లేదని. ఆవిడ కొన్నింటికి నవ్వింది.

"అంత దూరం నుంచి వచ్చింది," అంది శాన్విక. "పోయినప్పుడు వాళ్లవాళ్లెవరూ వచ్చుండరు. కబురే అంది ఉండదు."

"ఇప్పుడు అందిందిగా," అన్నాను. జోకే. ఎవరూ నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు.

ఎల్లవ్వ నా వైపు తిరిగింది. పెళ్లి కోసమని ముందే ఒకసారి గోరింటాకు పెట్టుకున్న చేతులు, అప్పటికి రంగు కొంచెం వెలిసింది.

"నేను గూడ సముద్రం మీదికి పోతున్న గద బాపూ. రేపెప్పుడన్న నీకు అడ్డమైతే, మాకేం గాదు అంటవా పట్టీల?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. నవ్వించే జవాబులు నాలుగైదు ఉన్నాయి.

"అనను," అన్నాను.

"మరి ఆమెనెందుకంటవ్?"

"ఓడ దాటిపోతది బిడ్డా," అన్నాను.

"దాటిపోనీ." గొంతు మామూలుగానే ఉంది. గోరింటాకు చేతులు మాత్రం తొట్టి అంచును గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడు శాన్విక లేచింది. మోకాళ్లు దులుపుకుంది. "ఎవరూ దాటిపోనక్కర్లేదు. కాకి ముడితే మైల తీరుతుందన్నారుగా ఈయన? మూడో రోజు రేపే. పిట్టకు పెడదాం," అంది. తర్వాత నన్ను చూసి, "ఆ కాకి సంగతైనా నిజమేనా, అదీ తమరే కల్పించారా?" అని అడిగింది.

నిజమే అని చెప్పాను. సగం నిజం. మా నాయనమ్మ పిట్టకు పెట్టడం చూశాను. ముట్టగానే మైల తీరుతుందన్న ముక్క మాత్రం, ఆ రోజు చెప్పే ఊపులో అలా వచ్చేసింది.

చిట్టా 8

పొద్దున్నే ఎక్కాం. కొమురయ్య కూడా వచ్చాడు. వాడి చేతిలో విస్తరాకు, ముఖంలో పరీక్ష రాసేవాడి కళ. పట్వారీ ముందే హెచ్చరించాడు: కాకి స్వచ్ఛందంగా, నిజంగా తినాలి, ఎవరూ పట్టి తెచ్చి తినిపించరాదు. నన్ను బాగానే అర్థం చేసుకున్నాడు.

నా సంచిలో ఒక ఇనుప కాకి ఉంది. పంచాయతీ కొట్టంలో నుంచి అడగకుండా తెచ్చాను. నిజం కాకి రాకపోతే దాన్ని వదలాలని నా ఆలోచన. నల్లగా ఉంటుంది, ముక్కుంటుంది, చెత్త అనుకుంటే దేన్నయినా ఎత్తుకుంటుంది. పట్వారీకి కాకికీ కాకికీ తేడా తెలుసా అన్నది చూడాలి.

నేను మా పద్ధతి ప్రకారం మాంసం, కల్లు పెట్టాను. ఇప్పచెట్టు మీద కాకులన్నీ కూర్చుని మమ్మల్ని చూశాయి. ఒక్కటీ కదల్లేదు. కోరికేదో తీర్చాలని నేను వాగ్దానాలు మొదలుపెట్టాను. చీర పెడతానన్నాను. గూడు చుట్టూ కంచె వేయిస్తానన్నాను. మేకలను రానివ్వనన్నాను. మండలాధ్యక్షుడి చేత దండం పెట్టిస్తానన్నాను. ఒక కాకి తల పక్కకు తిప్పింది, అంతే.

"మామా, నిజమైనయి చెప్పు. అవి గుర్తువడుతున్నయి," అన్నాడు కొమురయ్య మెల్లగా.

శాన్విక గిన్నె మూత తీసింది. మాంసం విస్తరి పక్కకు నెట్టి ఇంకొకటి పరిచి, అన్నం, చేపల పులుసు పెట్టింది. ఈ గట్టు మీద చేపల పులుసు ఎవరు పెడతారని అడిగితే, ఆ పిల్ల ఏం తిని పెరిగిందో నాకు తెలుసు, మీకు తెలీదు అంది. ఎల్లవ్వ మాత్రం ఏ వాగ్దానమూ చెయ్యలేదు. విస్తరి సర్ది, "మంగళవారం నా పెళ్లి, రా" అని ఒక్క ముక్క, పక్కింటామెను పిలిచినట్టు చెప్పి వచ్చి కొమురయ్య పక్కన కూర్చుంది.

ఎండెక్కింది. పులుసు మీద ఈగలు ముసిరాయి. కాకులు చూస్తూనే ఉన్నాయి. నేను కాలకృత్యానికని చెప్పి గూటి వెనక్కు పోయి, సంచి విప్పి ఇనుప కాకిని ఎగరేశాను.

చాలా దర్జాగా లేచింది. గూటి మీదుగా ఒక చుట్టు తిరిగింది. విస్తరి కనిపెట్టి దిగబోతుండగా దాని బ్యాటరీ అయిపోయింది. పైబండ మీద వెల్లకిలా పడి, కాళ్లు పైకి పెట్టి, ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది నేను ఇంతకుముందు చూడలేదు. ఇప్పచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎక్కడెక్కడివో ఇంకా వచ్చాయి. బండ చుట్టూ వాలి అరవడం మొదలుపెట్టాయి. చెవులు పగిలిపోయే అరుపు. ఒకటి దగ్గరకు వచ్చి ఇనుప రెక్కను ముక్కుతో కదిపి చూసింది, మళ్లీ వెనక్కు తగ్గింది. వాళ్లవాడు పోయాడనుకున్నాయి. వాడికి పంచాయతీ ముద్ర ఉంది, పొట్టలో ప్లాస్టిక్ కవరు ఉంది. ఎవరూ చుట్టరికం లెక్క అడగలేదు.

మేం నలుగురం నోళ్లు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం. శాన్విక నా సంచి వైపు చూసింది, నన్ను చూసింది.

చాలాసేపటికి గోల తగ్గింది. ఒక్కొక్కటే లేచి పోసాగాయి. చివరగా మిగిలిన ఒక ముసలి కాకి, మెడ మీద బూడిదరంగు మరీ వెలిసిపోయింది, బండ మీది నుంచి కిందికి దూకి విస్తరి దగ్గరకు నడిచింది. మాంసం వంక చూడనైనా లేదు. చేపముక్క ఎత్తుకుంది. పక్కకు తీసుకుపోయి, కాలికింద నొక్కి పెట్టి, తీరిగ్గా తింది. మళ్లీ వచ్చి ఇంకోటి తీసుకుంది.

"ఆ కాకి యంత్రం కోసం వచ్చింది. విస్తరి కోసం కాదు," అన్నాడు పట్వారీ.

"ఎవలకోసమొస్తేంది పట్వారీ? చావుకు వచ్చింది. తిన్నది మా కోడలి కూడు," అన్నాను.

పట్వారీ ఆలోచించడం నేను అంతకుముందు వినలేదు. కింద ఎక్కడో చల్లకొట్టాల పంకాలు కొంచెం గట్టిగా తిరిగాయేమో.

"కాకి ముట్టింది. మైల తీరింది," అన్నాడు చివరకు. "పంచాయతీ యంత్రాన్ని అనుమతి లేకుండా తెచ్చినందుకు మీ శిక్ష పొడిగించబడింది."

ఎల్లవ్వ ఏడవడం మొదలుపెట్టింది. కొమురయ్య దాని తల మీద చెయ్యి పెట్టి, మిగిలిన పులుసు వంక ఆశగా చూశాడు. వాడు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

చిట్టా, ఎన్నోదో

పెళ్లయింది. మండపంలో పట్వారీ ఒక పీట మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. గొట్టె వారి కోడలు, పెళ్లికూతురు స్వయంగా పిలిచింది అని దాని మీద రాసుంది. మండలాధ్యక్షుడు తెలియక దాని మీద కూర్చోబోతే పీట కసిరింది. కసిరిన గొంతు ఆయనదే. అందులో నా చెయ్యేమీ లేదని నేను ఎంత చెప్పినా ఎవరూ నమ్మడం లేదు.

ఓడ వెళ్లిపోయింది. శాన్విక రెండు రోజులు ఎవరినీ ఏవండీ అనలేదు.

పొడిగించిన శిక్ష కూడా కిందటి వారంతో తీరిపోయింది. పట్టీ ఇచ్చెయ్యమన్నారు. ఇస్తాననే చెప్పాను. ఇవాళ పట్టీతోనే గట్టెక్కాను. సంచిలో ఎల్లవ్వ పంపిన ఎండు మెత్తళ్ల చేపలు ఉన్నాయి. ఒక పొట్లం వాళ్లమ్మకట, ఇంకోటి ఎవరికో రాయలేదు. రాయాల్సిన పని లేదని దాని ఉద్దేశం. కాకులు నన్ను చూసి దిగొచ్చాయి. నన్ను కాదు, సంచిని.

రాతికోత యంత్రాలు ఎటో వెళ్లిపోయాయి. సున్నపు గుండెలో గీకేసిన పేరు పక్కన ఎవరో కొత్త పేరు రాశారు. మేకలు యథాప్రకారం.

"మీ శిక్ష ముగిసింది కదా. ఎందుకు వచ్చారు?" అన్నాడు పట్వారీ.

"నీడకు," అన్నాను. మెత్తళ్లు తొట్టి గట్టు మీద పెట్టి, కాళ్లు చాపుకుని పడుకున్నాను.

ఎండ: ఉంది. నీళ్ల సీసా: ఉంది. పశ్చాత్తాపం గడి తీసేశాడు. దాని చోట "వచ్చిన పని" అని కొత్త గడి ఉంది, అందులో "చుట్టరికం" అని ఉంది. ఇది పట్వారీ రాసుకున్నది. నన్నడగలేదు.